అరకి మూడోవంతు కలిపితే

మా అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. నేనూ అక్కడే టీచర్ని, పక్క క్లాసు నాది. మా గదుల మధ్య ఉన్నది సగం గోడే కాబట్టి ఆవిడ పాఠం నాకూ కనిపిస్తుంది, వినిపిస్తుంది.

ఈ వారం తొమ్మిదో తరగతికి బీజగణితం మొదలుపెట్టాలి. పిల్లలకేమో భిన్నాలే రావు. ఇంకో నెల గడువిమ్మని అక్క బతిమాలితే, "సిలబస్ పరిగెడుతోందమ్మా, మీరూ పరిగెత్తండి" అన్నాడు హెడ్మాస్టరు. ఆయనకేం, ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్తాడు. పునాది లేని గోడకి సున్నం కొట్టేది మా అక్క కదా!

పొద్దున ఆవిడ అరకి మూడోవంతు కలపమంది. క్లాసంతా పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కలిపేసి, "అయిదింట రెండు వంతులు" అని ఒక్క గొంతుతో అరిచింది. నాకైతే ఒళ్ళు మండింది. అక్క మాత్రం కోప్పడలేదు. ఓ కాగితం సగానికి మడిచి చూపించింది.

"ఇదీ సగం. దీనికి ఇంకాస్త కలిపాం. మీరు చెప్పింది సగం కన్నా తక్కువ కదర్రా! కలిపితే తగ్గుతుందా?"

ముందు బెంచీ పిల్ల లేచింది. ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్ల.

"మామూలుగా అయితే తగ్గదు టీచర్," అంది, అక్కని ఓదారుస్తున్నట్టు. "కానీ ఇవి లెక్కలు కదా!"

అక్క ఆ కాగితం పక్కన పెట్టేసింది. తర్వాత బోర్డు తుడిచేసింది.

"సరే, రాసుకోండి. ఒక సంఖ్యని ఎక్స్ అనుకుందాం."

క్లాసంతా బుద్ధిగా అనుకుంది. ఎందుకని ఒక్కరూ అడగలేదు.