నీళ్లు లేని రొట్టె

మా పెద్దమ్మ ముంజేతులు ఎప్పుడు చూసినా తెల్లగానే ఉండేవి. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో పిండి ఉండిపోయేది. పెదనాన్న పోయాక బేకరీ అమ్మేసి హాయిగా కూర్చోమని చుట్టాలంతా చెప్పారు. కూర్చుంటే నడుం పట్టేస్తుందని చెప్పి ఆమె పొయ్యి రాజేసింది. వీధిలో ఆమెను రొట్టెలమ్మ అనేవారు. ఎదురుగా అన్నవాళ్లకు మాత్రం ఆ రోజు మాడిన రొట్టే దక్కేది.

నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల మీద పెట్టి అందరికీ తలా ఓ ముక్క పంచే రొట్టె ఆమే చేసేది. మిగతా రొట్టెల పిండి యంత్రం కలిపినా, ఈ ఒక్కదాన్ని చేత్తోనే కలిపేది. రెండు చేతులూ పిండిలో ఉంటాయి కనుక నీళ్లు పోయడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి ఆమె చిన్న తోటికోడలు. పని జరుగుతున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. పెద్దమ్మ గడ్డం ఎత్తితే ఈమె కూజా వంచేది, దించితే ఆపేది.

ఈ చిన్న తోటికోడలు మొగుణ్ణి వదిలేసి వచ్చిందని లోకం అనేది. అతని దెబ్బకు ఒక చెవి పోయిందని, రెండోదైనా దక్కించుకుందామని వచ్చిందని పెద్దమ్మ అనేది. బేకరీ వెనక గదిలో ఆమెకు మంచం వేయించింది.

సంఘ పెద్ద వాళ్లిద్దరికీ స్వయానా బావగారు. దర్జీ. చెడ్డవాడేం కాదు. కొలత తప్పిన చొక్కాను సరిచేసినట్టు మనుషులను కూడా కత్తిరించి కుట్టేయవచ్చని నమ్మేవాడు, అంతే. ఒక ఆదివారం ఆరాధన కాగానే లేచి, చిన్న మరదలు తన తమ్ముడి ఇంటికి తిరిగి వెళ్లేదాకా ఆమెను బల్ల నుంచి ఆపుతున్నామని ప్రకటించాడు. పాస్టరుగారు కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు.

అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగలేదు. మళ్లీ బల్ల ఆదివారం రేపనగా, సాయంత్రం సంచి సర్దుకుంది. దెబ్బలు అలవాటేనని, ప్రభువు రొట్టెకు దూరమై బతకడం మాత్రం తన వల్ల కాదని చెప్పింది. పెద్దమ్మ ఆ సంచి లాక్కుని పిండి బస్తాల మీదికి విసిరింది.

"కుక్కను పిలిచినట్టు రొట్టె చూపించి పిలుస్తున్నారే నిన్ను. రేపొక్క పూట ఆగు. తర్వాత నీ ఇష్టం."

మర్నాడు పెద్దమ్మ ఎప్పటిలాగే తెల్లగుడ్డ కప్పిన పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. దర్జీ గుడ్డ తీశాడు. పళ్లెంలో పొడిపిండి కుప్పగా పోసి ఉంది.

"ఇదేంటమ్మా?"

"రొట్టే బావగారూ. నీళ్లొక్కటే తక్కువ."

ఇది వేళాకోళాలకు వేళ కాదని ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె గొంతు పెంచింది.

"ఇన్నాళ్లూ మీరు తిన్న రొట్టెలో నీళ్లు పోసింది మా చిన్నది. ఆ చెయ్యి బల్ల దగ్గరికి రాకూడదన్నారు. సరే, రాలేదు. తినండి మరి."

బావి దగ్గర ప్రభువు నీళ్లడిగింది ఐదుగురు మొగుళ్లు మారిన ఆడమనిషినని గుర్తు చేసుకోమంది. ఆ మనిషిని మొగుణ్ణి పిలుచుకురమ్మన్నది కూడా ఆయనేనని దర్జీ అందుకున్నాడు. పెద్దమ్మ దీనికోసమే కాచుకుని ఉన్నట్టుంది.

"జీవజలం ఇస్తానన్న మాట ముందు, మొగుడి మాట తర్వాత. ఆ వరస మీరెందుకు తిరగేశారు? తనను పట్టించబోయేవాడికి కూడా ముక్క అందించాడాయన. మా చిన్నది ఎవర్ని పట్టించింది?"

రొట్టె గురించి, నీళ్ల గురించి పండితులు రాసిన వ్యాఖ్యానాలు తరువాత నేను చాలా చదివాను. ఒకటి శరీరమని, ఒకటి ఆత్మ అని. కాదనను. కాని ఆ రోజు అమ్మ పక్కన కూర్చుని, పళ్లెంలో దేనికది విడిపోయి ఉన్న ఆ పిండిని చూసినప్పుడు అర్థమైనంతగా ఏ పుస్తకంలోనూ నాకు అర్థం కాలేదు. నీళ్లు పడితేనే అది ఒక్క రొట్టె అవుతుంది. లేకపోతే ఊదితే ఎగిరిపోతుంది.

దర్జీ మనిషిని పంపి వేరే దుకాణం నుంచి రొట్టె తెప్పించాడు. అది వచ్చేలోగా సంఘానికి తెలిసిన పాటలన్నీ అయిపోయాయి. పెద్దమ్మ ముందు వరసలోని తన చోటు వదిలి, ఆఖరి బెంచీలో చిన్న తోటికోడలి పక్కన కూర్చుంది.

పాస్టరుగారు పళ్లెం పట్టుకుని అక్కడిదాకా వచ్చారు. పెద్దమ్మ చేతులు కట్టుకుంది. చిన్నదానికి పెట్టకుండా తనకు వద్దంది. ఆయన ముందుకు పోలేదు, వెనక్కీ మళ్లలేదు. పళ్లెం వాళ్లిద్దరి మధ్య ఆగిపోయింది.

అప్పుడు చిన్న తోటికోడలు లేచి నిలబడింది. ఎవరూ ఇవ్వలేదు. తనే చెయ్యి చాపి ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. పాస్టరుగారు పళ్లెం వెనక్కి లాక్కోలేదు. ఆ పూటకు ఆయన చేయగలిగిన ధైర్యం అదేనేమో.

సాయంత్రం తమ్ముణ్ణి పంపుతానని, మారుమాట లేకుండా అతని వెంట వెళ్లాలని దర్జీ ముందు వరస నుంచి గట్టిగా చెప్పాడు. ఆమె తొందరపడలేదు. నమిలి, మింగి, అప్పుడు జవాబిచ్చింది.

"వెళ్లను బావగారూ. ఈ ముక్క కోసమే వెళ్దామనుకున్నా. తినేశాను."