రోడ్డు మీద పచ్చి కొమ్మ

ములకలపల్లి నుంచి భద్రాచలం పోయే బస్సులో ఓ డ్రైవర్ కాలర్ పట్టుకున్నానని నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. పట్టుకోలేదు, వెనక సీట్లోంచి అరిచానంతే. అడవి మధ్యలో, రోడ్డు మీద ఎవరో పెట్టిన పచ్చి కొమ్మను చూసి బస్సు ఆపేశాడు మరి!

"నీ మీద కంప్లైంట్ రాస్తా!" అన్నాను.

"రాయుండ్రి సారూ! లేటైతే మీరు రాస్తరు, పైవాళ్లు మెమో ఇస్తరు. గిట్లయితే బండెట్ల నడపాలె? కొమ్మ పెట్టిన్రంటే గూడెం నుంచి మనిషి వస్తున్నట్టు. మొన్న ఆగకుండ పోయిన. బండి కోసమొస్తున్న ఓ ముసలాయన దవాఖానా చేరలే."

పావుగంటకు, జ్వరంతో కాలిపోతున్న బిడ్డనెత్తుకుని ఒక తల్లి పరుగెత్తుకొచ్చింది.

అది చూసి, రాసిన కంప్లైంట్ చింపేశానని కూడా చెబుతుంటాను. చింపలేదు. భద్రాచలంలో దిగగానే ఇచ్చేశాను. రాసిన ఈ చేతిని చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.