మామ వెనక ఎవరూ నిలబడకూడదు

తిరుపాలు మామ ఏ వరసలో నిలబడినా చివరే నిలబడతాడు. చివర అంటే మీరూ నేనూ ఆలస్యంగా వచ్చి నిలబడే చివర కాదు. అందరికంటే ముందొచ్చి, వరస కట్టాక దాన్ని తలనుంచి తోకదాకా ఒకసారి చూసుకుని, తీరిగ్గా వెనక్కి నడిచి నిలబడే చివర. తర్వాత ఎవరైనా వస్తే "నువ్వు ముందర నిల్చుకోప్పా" అని వాళ్ళని ముందుకు పంపి, తను మళ్ళీ చివరవుతాడు. ఆయన వరసలో ముందుకి కదలడం ఎవరూ చూడలేదు. వెనక్కి జరగడం మాత్రం కె.ఆర్.పురం అంతా చూసింది.

మామ గూడ్సు బండికి గార్డుగా చేసి రిటైరయ్యాడు. ముప్పైమూడేళ్ళు ఆఖరి డబ్బాలో కూర్చున్న మనిషికి ముందు చోటు ఎలా నచ్చుతుందని మా చర్చి సంఘంలో కొందరంటారు. ఒకసారి నేనే అడిగాను.

"మామా, ఆ ఆఖరి డబ్బాలో చూడ్డానికి ఏముంటుంది?"

"బండంతా కనపడ్తాది గదప్పా."

"ఇంజన్లో కూర్చుంటేనో?"

"పట్టాలు కనపడ్తాయి" అన్నాడు మామ, పట్టాలంటే పెద్దగా గౌరవం లేనట్టు.

ఆయన భార్య సరోజమ్మత్తని అడిగితే ఈ జబ్బు పెళ్ళినాటికే ఉందంటుంది. సాక్ష్యానికి పెళ్ళి ఫోటో కూడా చూపిస్తుంది. అందులో అరవైమంది ఉన్నారు. అత్త ముందు వరసలో కుర్చీలో కూర్చుని ఉంది. పక్క కుర్చీ ఖాళీ.

"పెండ్లికొడుకు యాడుండాడో కనుక్కో సూద్దాం" అంటుంది అత్త.

ఎంత వెతికినా దొరకడు. చివరికి అత్తే వేలు పెట్టి చూపిస్తుంది. వెనక వరసలో, బ్యాండుమేళం వాళ్ళ వెనక, ఒక పెద్ద బాకా పైన, సగం నుదురు.

బస్సుల సంగతి చెప్పనక్కర్లేదు. ఒకరోజు పొద్దున్నే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాళ్ళ బంధువుల ఇంటికని బయల్దేరిన మనిషి మధ్యాహ్నానికి తిరిగొచ్చి భోజనానికి కూర్చున్నాడు.

"అప్పుడే పోయొస్తివా?" అంది అత్త.

"యాడ పోతిని. బస్సు పోయె."

"ఎన్ని పోయె?"

మామ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఏడు" అన్నాడు. "అందరూ ఎక్కినారులే" అని కూడా అన్నాడు, అత్తకి అది ఊరటగా ఉంటుందనుకుని.

ఆయనకి పోటీ ఎవరూ రారనుకున్నాం గానీ, వచ్చాడు. మా సంఘానికి ఇంకో పెద్ద, ఆవులప్పగారు. తగ్గింపు, అంటే వినయం, విషయంలో తిరుపాలు పేరే అందరూ చెబుతున్నారని ఆయనకి లోపల గుచ్చుకుంది. మా ఇంట్లో, ఐదో అంతస్తులో, ప్రార్థన కూటం పెట్టుకున్న రోజు ఇద్దరూ ఒకేసారి లిఫ్టు దగ్గర కలిశారు.

"మీరు ముందర పోండి బ్రదర్" అన్నారు ఆవులప్పగారు.

"అయ్యో, మీరే పోండప్పా."

లిఫ్టు తలుపు మూసుకుని ఖాళీగా పైకొచ్చింది. మళ్ళీ ఖాళీగా కిందికి పోయింది. పైన మేము రెండు పాటలు పాడి, వాక్యం చదివి, ప్రార్థన చేసి, ఉప్మా తిని కిందికొచ్చేసరికి ఇద్దరూ చేతులు చాపి ఒకరికొకరు దారి చూపించుకుంటూ అక్కడే ఉన్నారు. వాళ్ళ ఉప్మా టిఫిన్ డబ్బాల్లో సర్ది ఇచ్చి పంపించాం. డబ్బా ముందు ఎవరు తీసుకోవాలన్నదాని మీద ఇంకో పావుగంట పట్టింది.

ఇక నా సంగతి. నా పేరు ప్రసాద్. సంఘంలో నాకున్న పదవి గరిటె. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంటుంది. వంటకి సర్జాపుర నుంచి నాగరాజ్ వస్తాడు, చికెన్ బిరియానీ చేస్తాడు, గుండిగ ముందు నేను గరిటె పట్టుకుని నిలబడతాను. అది చిన్న పదవి అని మీరనుకుంటే ఒక ఆదివారం పట్టుకుని చూడండి. ఆఫీసులో నా మాట వినని వాళ్ళు కూడా ఇక్కడ నన్ను చూసి నవ్వుతారు. కమిటీ మెంబరు ప్లేటు చాపితే నా గరిటె దానంతటదే లెగ్ పీసుల వైపు తిరిగేది.

ఈ రాజ్యంలో నాకు ఒకటే అడ్డు, తిరుపాలు మామ. ఆయన చివర ఉంటాడు. సంఘపెద్దకి కుష్కా, అంటే ముక్కల్లేని ఉత్త బిరియానీ అన్నం, పెట్టి పంపితే సరోజమ్మత్త నన్ను బతకనివ్వదు. కాబట్టి గుండిగలో ముక్కలు ఆయనదాకా రావాలి. ఆయనకని రెండు ముక్కలు గిన్నెలో తీసి పక్కన పెట్టి చూశాను. మామ ఆ గిన్నె తీసి ముందున్న ఈరమ్మ ప్లేటులో ఒంపేశాడు.

"అందరికీ గుండిగలోనుంచి పెట్టి నాకు మాత్రం గిన్నెలోనుంచి ఎందుకప్పా?" అన్నాడు.

ఈరమ్మ అంటే మా వీధి చివర కడుతున్న అపార్టుమెంటులో పనిచేసే మనిషి. కర్నూలు వైపు నుంచి వచ్చింది. ఆదివారం కూడా మధ్యాహ్నందాకా మేస్త్రీ వదలడు. ఆరాధన ముగిసే వేళకి తన మొగుడు పుల్లయ్యతో, ఇంకో ఇరవైమందితో వచ్చి, కొళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, సిమెంటు మరకల చీరని సర్దుకుంటూ వరసలో ఆఖరున నిలబడేది. ప్రార్థనకి వచ్చేవాళ్ళు కొందరు, భోజనానికి వచ్చేవాళ్ళు కొందరు, ఎవరు దేనికొచ్చారని మేము అడగం. వాళ్ళ వెనక మామ. ఆయన నెరిసిన తల అంత దూరాన కనిపిస్తుంటే నా గరిటె ఒళ్ళు దగ్గర పెట్టుకుని మసలుకోవాల్సి వచ్చేది. నాకు ఒళ్ళు మండేది.

అలాంటప్పుడు మా పాస్టరుగారు వరసగా మూడు ఆదివారాలు మూడు ప్రసంగాలు చేశారు. మొదటి వారం న్యాయం. కమిటీ వాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. రెండో వారం కనికరం. అందరూ తలలూపారు. మూడో వారం తగ్గింపు. ఆ మాట వినగానే సంఘమంతా తల తిప్పి తిరుపాలు మామని చూసింది. మామ కూర్చునేది ఆఖరి బల్ల కదా, అందరూ మెడలు తిప్పేసరికి పాస్టరుగారు జనం లేచి వెళ్ళిపోతున్నారనుకుని ప్రసంగం త్వరగా ముగించేశారు.

అప్పుడే నాకు ఉపాయం తట్టింది. కమిటీలో లేచి, "తగ్గింపులో మనందరికీ మాదిరిగా ఉన్న తిరుపాలుగారికి సన్మానం చేద్దాం. వచ్చే ప్రేమవిందులో స్టేజీ మీద కూర్చోబెట్టి, మొదటి వడ్డన ఆయనకే చేద్దాం" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఒక్క నెలైనా ఆయన నెరిసిన తల వరస చివర కనపడకూడదన్నదే నా అసలు ఉద్దేశం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ రోజు చాలా భక్తిగా అనిపించింది.

సన్మానం రోజున గేటు దగ్గర మామ మొహంతో గొడుగంత ఫ్లెక్సీ కట్టాం. దాని కింద 'తగ్గింపుకు నిలువెత్తు రూపం' అని రాయించాం. మామకి శాలువా కప్పి, గంధపు దండ వేసి, తల మీద మైసూరు పేట తలపాగా పెట్టాం. పేట ఒక సైజు పెద్దది తెచ్చారు, అది కనుబొమల మీదికి జారి కూర్చుంది. ఆయన లేవబోయినప్పుడల్లా ఆవులప్పగారు భుజం నొక్కి కూర్చోబెట్టారు.

"కూర్చోండి బ్రదర్. తగ్గించుకుని కూర్చోండి."

స్టేజీ మీది బల్లకి మొదట వడ్డించాం. మామ ప్లేటులో నాలుగు లెగ్ పీసులు వేశాను. పాస్టరుగారికి మూడు, కమిటీ వాళ్ళు తొమ్మిదిమందికి తలా రెండు. ఆ తర్వాత మామ తగ్గింపు గురించి ఆరుగురు మాట్లాడారు. ఎవరూ తగ్గించి మాట్లాడలేదు. వాళ్ళ ముందు బిరియానీ చల్లారుతోంది, కింద వరస నడుస్తోంది.

ఆ రోజు నా చెయ్యి విడుదలైంది. వరస చివర చూశాను, మామ లేడు. ఇక భయమెవరికి. డాక్టరుగారికి మూడు, ట్యూషన్ టీచరుకి మూడు, మా అపార్టుమెంటు సెక్రటరీకి నాలుగు. ఎప్పుడూ పలకరించని మనిషి కూడా, "మీ చేతి వడ్డన వేరే ప్రసాద్‌గారూ" అన్నాడు. ఆయనకి ఇంకొకటి వేశాను.

ఈరమ్మ ప్లేటు చాపేసరికి గరిటె గుండిగ అడుగున గీరుకుంది.

"ముక్కలేవి సార్?"

"అయిపోయాయమ్మా. కుష్కా తిను, మసాలా బాగా పట్టింది."

ఆమె గుండిగలోకి చూడలేదు, వెనక్కి చూసింది. ఆమె వెనక పుల్లయ్య, పుల్లయ్య వెనక ఇరవైమంది, వాళ్ళ వెనక గేటు.

"పెద్దాయన ల్యాడా ఈపొద్దు?"

"పైన ఉన్నాడు. సన్మానం."

"ఎవురు ఎక్కించినారు సార్ ఆయప్పని పైకి?"

జవాబు తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. గుండిగ అంచు తుడుస్తూ నిలబడ్డాను. నా పక్కనే గిన్నెలు సర్దుతున్న నాగరాజ్ గొంతు తగ్గించి అన్నాడు.

"తప్పు పట్టుకోవద్దు సార్. నేను నెలనెలా ఒకే లెక్కన ముక్కలు వేస్తాను, ఎప్పుడూ కడాదాకా వస్తాయి. ఆ పెద్దాయన కడాన నిల్చుకోనుంటే మీ చెయ్యి సన్నగా పడ్తాది. ఈపొద్దు నిల్చుకోలా. మీ చెయ్యి నేను చూస్తానే ఉండాను."

ఇన్నేళ్ళూ మామ వరస చివర నిలబడింది వినయం చూపించుకోవడానికని నేను ఎంతమందితో చెప్పి నవ్వానో. మండుటెండలో ఇసుక మోసి వచ్చిన ఇరవైరెండుమందికి తలా రెండు ముక్కలు దక్కడం కోసం ఒక పెద్దమనిషి నెలనెలా వాళ్ళ వెనక కాపలా ఉన్నాడు. నేను ఆ కాపలాకి శాలువా కప్పి, దండ వేసి, పైకెక్కించి కూర్చోబెట్టాను.

సరిగ్గా అప్పుడే స్టేజీ మీద పాస్టరుగారు ఆహారం కోసం ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన పొడవని అందరికీ తెలుసు. బల్ల దగ్గర అందరూ కళ్ళు మూసుకున్నారు. మామ మూసుకోలేదు. పేట పైకి నెట్టుకుని కింద వరసని చూశాడు, నా మొహం చూశాడు. తర్వాత పెరుగుపచ్చడి అయిపోయిన బేసిన్ ఒకటి తీసుకుని, పక్కనున్న గరిటె పట్టుకుని, మెల్లగా లేచాడు.

మొదట తన నాలుగూ బేసిన్లో వేశాడు. తర్వాత పాస్టరుగారి ప్లేటు. పాస్టరుగారు అనాథల కోసం, విధవరాండ్ర కోసం ప్రార్థిస్తున్నారు, మామ వాళ్ళ తరఫున ఆయన ప్లేటులోవి మూడూ తీసుకున్నాడు. ఆవులప్పగారివి రెండు. అలా బల్ల చివరిదాకా, చప్పుడు కాకుండా. ఎవరూ ఒక్క మెతుకు ముట్టని ప్లేట్లు అవి.

ఆ తర్వాత నేను ఎప్పుడూ చూడనిది చూశాను. తిరుపాలు మామ జనాన్ని మోచేత్తో నెట్టుకుంటూ ముందుకొచ్చాడు.

"జరగండప్పా, జరగండి."

బేసిన్ నా చేతిలో పెట్టాడు. ఇరవైఅయిదు ముక్కలు.

"ఈరమ్మతో మొదులుపెట్టు. తలా ఒకటి వస్తాది."

"మామా, మరి మీకు?" అన్నాను.

ఆయన పేట, దండ, శాలువాతో సహా వెళ్ళి గేటు దగ్గర చివర నిలబడ్డాడు. స్టేజీ మీద "ఆమెన్" వినిపించింది. కాసేపటికి పాస్టరుగారి గొంతు మళ్ళీ వినిపించింది. "ఇది కుష్కానా?"

అందరికీ వడ్డించి, చివరి ఇద్దరికీ ఇంకొకటి వేసి మామ దగ్గరికొచ్చేసరికి ముక్క ఒకటి ఉంది. అది ఆయన ప్లేటులో వేస్తూ, "నన్ను ఒక్క మాటైనా అనలేదే మామా, ఇన్నేళ్ళూ. ఈ గరిటె మీరే పట్టుకుని ఉండొచ్చు కదా" అన్నాను.

"గరిటె చేతికొస్తే నేనూ మొగాలు చూసే పెడ్తానప్పా. ఆ భయంతోనే ఎప్పుడూ అడగలా" అన్నాడు మామ. "సరే, కొంచెం పెరుగుపచ్చడి ఉంటే చూడు."

మరుసటి నెల ప్రేమవిందుకి ఎవరూ ప్రసంగం చేయలేదు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు వెళ్ళి వరస చివర నిలబడ్డారు. ఆయన వెనక ఆవులప్పగారు. ఆయన వెనక కమిటీ. గరిటె గుండిగ మీద పెట్టేసి నేనూ వెళ్ళాను. మామ వచ్చి అందరినీ ముందుకు పంపబోయాడు, ఎవరూ కదల్లేదు. వరస ముందుకి కాకుండా వెనక్కి నడిచి, గేటు దాటి, పక్కనున్న మందుల షాపు దాకా పోయింది. షాపు అతను బయటికొచ్చి ఏం మందు కోసం ఇంతమంది అని అడిగాడు.

ఈలోగా ఈరమ్మ వాళ్ళు చేతులు కడుక్కుని వచ్చారు. చూస్తే గుండిగ ముందు ఎవరూ లేరు, గరిటె దగ్గరా ఎవరూ లేరు.

"ఎవురన్నా రాండి సార్, ఆకలైతాంది" అని గేటు వైపు కేకేసింది. ఒక్కరూ రాలేదు. చివరి చోటు పోతుందని మా భయం. ఆమె కొంగు నడుముకి బిగించి, గరిటె తనే తీసుకుంది. తనవాళ్ళకి పెట్టి, తర్వాత ఎవరు ముందని చూడకుండా మమ్మల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ముందుకి లాగింది. నా వంతు వచ్చేసరికి అలవాటు కొద్దీ ఆమెని చూసి నవ్వాను.

ఈరమ్మ నా మొహం చూడలేదు. గుండిగలోకి చూసింది, నా వెనకున్న వరస చూసింది, రెండు ముక్కలు వేసింది.

"జరగండి సార్" అంది. "పెద్దోళ్ళంతా ఇంకా ఎనకే ఉండారు."