ఊరి కవుల అర

ఏ ఊళ్ళో దిగినా ముందు పుస్తకాల షాపు వెతుక్కోవడం నాకు అలవాటు. చాలాచోట్ల ఆ ఊరి కవులను పోటీ పరీక్షల గైడ్ల వెనక దాచేస్తారు, చుట్టాలొస్తే మాసిన బట్టల మూటను మంచం కిందికి తోసేసినట్టు. ఒక ఊరి షాపులో మాత్రం గుమ్మానికి ఎదురుగా, సరిగ్గా కళ్ళ ఎత్తులో, వాళ్ళకో అర ఉండేది.

దాన్ని చూసుకునే ఆవిడని అందరూ అక్కయ్య అనేవారు. ఇరవై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. ప్రతి పుస్తకంలోంచీ నాలుగు పంక్తులు అట్టముక్క మీద గుండ్రంగా రాసి ముందు నిలబెట్టేది. జనం అట్ట చదివి, బాగుందని వెళ్ళిపోయేవారు.

ఒకరోజు యజమాని అన్నాడు. "అక్కయ్యా, నెలాఖరుదాకా చూస్తా. కవిగారి బంధువు కానివాడు ఒక్కడు కొన్నా అర ఉంచుతా. లేకపోతే అక్కడ పెన్నులు పెడదాం."

"మొన్న ఒకాయన కొన్నాడుగా."

"ఆయన కవిగారి తోడల్లుడు."

"నిన్నటావిడ?"

"వియ్యపురాలు. బిల్లు మీద పేరు రాయించుకుని మరీ వెళ్ళింది, చూపించుకోవాలట."

అక్కయ్య నవ్వలేదు. బాధపడినట్టూ లేదు. అట్టల మీద దుమ్ము తుడిచింది.

నెలాఖరు రోజున ఒక బస్సు కండక్టరు వచ్చాడు. సన్నటి పుస్తకం ఒకటి తీసి, నిలబడే చదవడం మొదలుపెట్టాడు. అక్కయ్య స్టూలు జరిపింది. ఆయన చూసుకోలేదు. గంటకి పుస్తకం మూసి, ఉన్నచోటే సరిగ్గా పెట్టాడు.

"కవిగారు మీకేమవుతారు?" యజమాని అడిగాడు.

"ఎవరో తెలీదండీ."

"తీసుకుంటారా మరి?"

"చదివేశాగా."

మర్నాడు అరలోకి పెన్నులొచ్చాయి. కవులు ఒక్కొక్కరే వచ్చి తమ కట్టలు పట్టుకెళ్ళారు. పెన్నులకీ అట్ట కావాలన్నాడు యజమాని. అక్కయ్య పాత అట్ట ఒకటి తిప్పి, వెనకవైపు 'రాసి చూడండి' అని రాసింది, అవే గుండ్రటి అక్షరాలతో.

వారం తిరక్కుండా కండక్టరు మళ్ళీ వచ్చాడు. "ఆ సన్న పుస్తకం ఏదమ్మా? అందులో ఒక ముక్క మనసులోంచి పోవడం లేదు. కొందామని వచ్చా."

"కవిగారు పట్టుకెళ్ళిపోయారు." ఆవిడ పెన్నుల ముందున్న అట్ట తిప్పి చూపించింది. ఆ పుస్తకంలోని నాలుగు పంక్తులే.

కండక్టరు నిదానంగా చదివాడు.

"ఇవి కావమ్మా. ఇంకోచోటివి."

అక్కయ్య తలూపి, అట్టని మళ్ళీ 'రాసి చూడండి' వైపుకి తిప్పింది.