కళ్లకు గుడ్డ కడితే వంగని పంగలకర్ర

టాబియా చెరకు తోటలో, మేముండే కూలి లైన్ల దగ్గర బావి తవ్వించాలని మా మీద పెత్తనం చేసే సర్దారు తన బావమరిదిని తెచ్చాడు. అతని చేతిలో జామ పంగలకర్ర వంగిన చోట నీళ్లుంటాయట! అతను చూపిన రెండు చోట్లా ఇప్పటికే రాయి తగిలింది. ఈ రోజు, ఆదివారం పూట, కర్ర మూడో చోట వంగింది. రోజూ వాగు నుంచి నీళ్లు మోసే నా భార్య అప్పలమ్మ ఊరుకోలేదు.

"కళ్లు మూసుకొని ఆ సోటే మళ్లీ సూపించు బాబూ" అని అతని కళ్లకు తువ్వాలు కట్టింది.

అతను ఆ చోటు దాటిపోయినా కర్ర కదల్లేదు. చివరికి సర్దారు గుమ్మం ముందు వంగింది.

"అయితే ఇక్కడే తవ్విద్దుమా సర్దారూ?" అంది అప్పలమ్మ.

"చుప్ రహో! గుడ్డ కడితే శక్తి పోద్ది" అని సర్దారు అరిచి, చీకటి పడేదాకా మా చేత ఆ మూడో చోటే తవ్వించాడు. మళ్లీ రాయే. చేతుల బొబ్బలకన్నా ఒళ్లే ఎక్కువ మండుతోంది. మీరే చెప్పండి, కళ్లు మూస్తే పోయే శక్తి కర్రలో ఉన్నట్టా, కళ్లలో ఉన్నట్టా?