రాజు నయమన్నాడు మా బావ

మా బావ పోయాడు. పోయిన నెల ఒక పొద్దున మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడిపోయింది. "మామయ్య, నాన్నా" అంది. బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాను.

ఆయన నా భార్యకు అన్న. డెబ్బైల్లోనే అమెరికా వచ్చిన ఇనుము ఇంజనీరు. నేను అనంతపురం వైపు పల్లెలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. నా భార్య పోయాక ఈ క్యారీ ఊళ్ళో అమ్మాయి దగ్గరికి వచ్చి చేరాను. ఇక్కడ నాతో పొద్దుపుచ్చిన మనిషి ఆయనొక్కడే. ఆయన మాట్లాడేవాడు, నేను వినేవాణ్ణి. రాయడం నాకు చేతకాదు. మన సంఘం పత్రిక వాళ్ళు అడిగారని, ఆయన కోసం రాస్తున్నాను.

రిటైరయ్యాక ఆయన తోటివాళ్ళు ఓడలెక్కి తిరుగుతుంటే, ఈయన ఎండాకాలం ఇజ్రాయెల్ పోయి మన్ను తవ్వేవాడు. బైబిల్ కాలం నాటి ఊళ్ళు. గంపలతో మన్ను మోసి, జల్లెడ పట్టి, మోకాళ్ళు దోక్కుపోయి తిరిగొచ్చేవాడు. శనివారం వచ్చి హారన్ కొట్టి, "ఎక్కు బావా, దండయాత్రకు పోదాం" అనేవాడు. దండయాత్ర అంటే వాళ్ళ గరాజ్. గోడ నిండా ఫొటోలు. స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చి ఒక్కొక్కటీ చెప్పేవాడు. మట్టి గోడ కాలి ఇటుక బట్టీలో మాదిరి ఎర్రబారితే ఊరు తగలబడిందని గుర్తు. దాని కింద బూడిద, అందులో జాడీతో సహా మాడిన గింజలు. కోట గోడ మొదట్లో ఒడిసెల రాళ్ళు, చీనీకాయంత. బాణం మొనలు చూపించి, "ఇది వంకరపోయింది, రాతికి తగిలినట్టుంది. ఇది తిన్నగా ఉంది. మనిషికి తగిలిందో లేదో ఇనుము చెప్పదు బావా" అనేవాడు.

నా సంగతి ఒకటి చెప్పాలి. మాకొక చీనీ తోట ఉండేది. కోస్తా వాళ్ళు బత్తాయి అంటారు. కరువులో నా భార్య బిందెలతో నీళ్ళు మోసి బతికించిన చెట్లు. కాపుకొచ్చిన ఏడు, ఒక పొద్దున పోయి చూస్తే ఒక్కటీ నిలబడి లేదు. పచ్చికాయలతోనే పడి ఉన్నాయి. చేయించింది నా దాయాది, మా చిన్నాయన కొడుకు. గట్టు తగాదా. ఊరందరికీ తెలుసు. వాడు మాత్రం ఒప్పుకోలేదు, పక్క ఊరి వాళ్ళ పని అన్నాడు. నా భార్య పోయేదాకా చీనీకాయ నోట్లో పెట్టలేదు.

వాడి కొడుక్కీ ఈ క్యారీలోనే ఉద్యోగం. ఏటా ఎండాకాలం నా దాయాదీ కొడుకు దగ్గరికి వస్తాడు. గుడిలో ఎదురుపడి "అన్నా, బాగుండావా" అంటాడు. నేను చెప్పుల కోసం వెతుక్కుంటాను. మరిచిపో, ఇద్దరూ కాటికి కాళ్ళు చాపుకున్నారు అని మా అమ్మాయితో సహా అందరూ చెప్పారు. మా బావ చెప్పలేదు. నేను వాళ్ళింటికి పోతే బల్ల మీది ఆరెంజ్‌లు తీసి మైక్రోవేవ్‌లో దాచేవాడు. ఒకసారి వాళ్ళమ్మాయి చూడకుండా స్విచ్ వేస్తే ఇల్లంతా వాసన. మేమిద్దరం ఏమీ ఎరగనట్టు కూర్చున్నాం.

గరాజ్‌లో ఒక ఫొటో నేను మళ్ళీ మళ్ళీ చూసేవాణ్ణి. ఆ బైబిల్ కాలం నాటి అస్సీరియా రాజు తన కోటలో రాతి మీద చెక్కించుకున్న బొమ్మ. పరాయి ఊరి గోడ కింద సైనికులు గొడ్డళ్ళతో ఖర్జూరపు చెట్లు నరుకుతున్నారు. ముట్టడిలో కాయల చెట్టు నరకరాదని ఆ యూదుల పాత ధర్మంలోనే ఉందట. "వద్దని రాశారంటే, జరుగుతుండేదనే కదా బావా" అన్నాడు.

ఈ ఏడు ఆయన మంచాన పడ్డాడు. నా దాయాది పలకరించను వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. బావ ఆ ఫొటో తెప్పించి వాడి చేతికిచ్చాడు.

"ఏం చేస్తున్నారు వీళ్ళు?"

"చెట్లు నరుకుతాండారు సార్."

"ఎవరివి?"

"ఓడిపోయినోళ్ళవి."

"ఇంకా ఓడలేదు. గోడ మీద నిలబడి చూస్తున్నారు, చూడు."

వాడు చూశాడు. ఆ కాలం మనుషులు మంచోళ్ళు కాదు సార్ అని, వాచీ చూసుకుని లేచిపోయాడు.

వాడు పోయాక బావ ఆ ఫొటోని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు. "రాజు నయం బావా. నేనే చేశానని రాతి మీద చెక్కించుకున్నాడు. మీవాడికి ఆ మాత్రం లేదు. మా చెల్లెలి కోసం, వాడి నోటితో ఒక్కసారి వినాలని ఉంది."

బావ అది వినకుండానే పోయాడు. దానికి నేను వాణ్ణి క్షమించను. చెట్ల కంటే దీనికే.

పెద్దకర్మ భోజనాలు గుడి హాల్లో పెట్టారు. బఫే వద్దు, పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించాలని బావ ముందే చెప్పి ఉంచాడు. అన్నం బేసిన్ నేను తీసుకున్నాను. నా దాయాది వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. అందరికీ పెడుతూ వచ్చి, వాణ్ణి దాటేసి, కొడుక్కి పెట్టాను.

"అన్నా, నాకు పెట్టలేదు" అన్నాడు నవ్వుతూ.

వెనక్కొచ్చి వాడి ముందర నిలబడ్డాను. "తోట ఎవరు నరికారు?"

నలుగురిలో నేను అంత గట్టిగా మాట్లాడ్డం అదే మొదలు. పంక్తిలో చేతులు ఆగిపోయాయి. అంకుల్, ప్లీజ్, ఇప్పుడెందుకు అన్నాడు కొడుకు. నేను కదల్లేదు. సాంబారు బకెట్‌తో వస్తున్న బావ కూతురు నా పక్కన ఆగింది. ఆమే వినాలి, వాళ్ళ నాన్న బదులు.

"నేనే" అన్నాడు ప్లేటులోకి చూస్తూ.

"వినపడలేదు."

"నేనే నరికిచ్చినా అన్నా."

అప్పుడు పెట్టాను. చల్లారుతుందనుకున్న కడుపు చల్లారలేదు. ఇంకో గరిటె పెట్టాను, ఇంకోటి. చాలన్నా అని వాడు ప్లేటు మీద చేయి అడ్డం పెట్టాడు. అన్నం పొగలు కక్కుతోంది. ఆ చేతి మీదే పెట్టాను. వాడు చేయి తీయలేదు.