కోటమ్మ తాలులో వేసిన నా బొమ్మ

బొమ్మలు వేయడం నేర్చుకోవడం మొదలుపెట్టి పట్టుమని పది రోజులు కాలేదు, నేను ఖరీదైన మార్కర్ల డబ్బా తెప్పించేశాను. "నేర్చుకోడానికి మామూలు స్కెచ్ పెన్నులు చాలవా?" అని నాన్న అననే అన్నాడు.

ఆయన నోరు మూయించాలని ఈ రోజు పొద్దున మా మిరప కల్లంలో కూర్చుని, ఎదురుగా ఒక ఎండుమిరపకాయ పెట్టుకుని గంటసేపు బొమ్మ వేశాను. నేను చూసి నేర్చుకుంటున్న వీడియోలో చెప్పినట్టే, వెలుగు పడే చోట కాస్త తెల్లగా వదిలాను. కాయ నిగనిగలాడింది.

పక్కనే తాలు ఏరుతున్న కోటమ్మకి చూపించాను. తాలంటే తెల్లమచ్చలు పడి రంగు పోయిన కాయలు. ముప్పై ఏళ్ళుగా వాటిని ఏరి పారేయడమే ఆమె పని.

"ఏందమ్మాయ్, పోయి పోయి తాలుకాయ బొమ్మేశావ్?"

"అది మచ్చ కాదు కోటమ్మా, మెరుపు!"

"మెరుపూ లేదు గిరుపూ లేదు. ఇట్టాంటిది మిర్చి యార్డుకి పంపితే మీ నాయన పరువు పోద్ది."

అంటూనే నా బొమ్మని తాలు కుప్ప మీద పడేసింది. అక్కడే బస్తాలు కుడుతున్న నాన్న నవ్వాపుకోలేక వాటి వెనక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత కోటమ్మకి జాలేసిందేమో, నా చేతిలోని ఎర్ర మార్కరు లాక్కుని ఆ తెలుపంతా పూడ్చేసి, బొమ్మని తీసి మంచి కాయల్లో పెట్టింది.

మార్కర్లు దండగో కాదో ఇంకా తేలలేదు. ఎరుపు మాత్రం భేషుగ్గా ఉందని కోటమ్మ ఒప్పుకుంది. మీ మొదటి బొమ్మని తాలులో వేసిందెవరో చెప్పండి, నాకు కాస్త తోడుంటుంది.